నలభై ఐదు నిమిషాల చదువరి: ఒక అమెరికా విశ్వవిద్యాలయపు రైటింగ్ సెంటర్‌పై సమీక్ష

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చేరే మన విద్యార్థులు జిమ్ ఎక్కడుందో, కెరీర్ ఫెయిర్ ఎప్పుడో, క్యాంపస్ ఉద్యోగాలకు ఎవరిని కలవాలో మొదటి వారంలోనే తెలుసుకుంటారు. కానీ తాము కట్టే ఫీజులో భాగంగానే దక్కే రైటింగ్ సెంటర్, అంటే రాస్తున్న వ్యాసాన్ని ట్యూటర్ పక్కన కూర్చుని మెరుగుపరచుకునే చోటు, దాని గడపను చదువు పూర్తయ్యేదాకా తొక్కనివారిని నేను చాలామందిని చూశాను. మధ్యపశ్చిమ రాష్ట్రాల్లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఈ సేవను నేను మూడు వైపుల నుంచి ఎరుగుదును. పరిశోధక విద్యార్థినిగా వచ్చిన మొదటి ఏడాది నా సొంత వ్యాసాలు పట్టుకుని అక్కడికి వెళ్లాను. తరువాత మూడేళ్లు అక్కడే ట్యూటర్‌గా పనిచేశాను. ఇప్పుడు మొదటి సంవత్సరం విద్యార్థులకు రచన నేర్పే రెండు తరగతులు తీసుకుంటూ వారిని అక్కడికి పంపుతున్నాను. విద్యార్థుల సంగతులు ప్రస్తావనకు వస్తాయి కనుక విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. అక్కడి పద్ధతి అమెరికాలోని చాలా సెంటర్లలో ఉన్నదే కాబట్టి, ఈ సమీక్ష మరోచోట చదివేవారికీ పనికొస్తుంది.

మా సెంటర్ గ్రంథాలయం రెండో అంతస్తులో ఒక మూలన ఉంటుంది. ఎనిమిది గుండ్రటి బల్లలు, బల్లకు రెండు కుర్చీలు, పెన్సిళ్లు, చిత్తు కాగితాలు. ఇంతకు మించి హంగులు లేవు. కుర్చీలు ఎదురెదురుగా కాక పక్కపక్కన వేసి ఉంటాయి, ఎందుకంటే కాగితం ఇద్దరికీ ఒకే వైపు నుంచి కనబడాలన్నది ఇక్కడి నియమం. పెన్సిలు మాత్రం విద్యార్థి చేతిలోనే ఉండాలి. ఒక్కో అపాయింట్‌మెంట్ నలభై ఐదు నిమిషాలు, వారానికి రెండు తీసుకోవచ్చు, విడిగా రుసుము లేదు. మొదటి ఐదు నిమిషాలు ట్యూటర్ అసైన్‌మెంట్ కాగితం చదివి, ఎప్పటికి ఇవ్వాలో, ఏ భాగం మనసుకు కుదరడం లేదో అడుగుతారు. ఆ తరువాత విద్యార్థి తన వ్యాసాన్ని తానే గొంతెత్తి చదవాలి.

ఈ చదవడమే సెంటర్ ఇచ్చే సేవలో అసలైన భాగమని మూడేళ్ల పని తరువాత నాకు స్థిరపడింది. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది. వాక్యం మధ్యలో ఊపిరి చాలకపోతే అది ఎక్కడ తెగాలో నోటికే తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైనది, తన రాత ఎదుటి మనిషి ముఖంలో ఏ పేరా దగ్గర అర్థమైందో, ఏ పేరా దగ్గర అయోమయం కలిగించిందో విద్యార్థి కళ్లారా చూడటం. మన దగ్గర పదో తరగతి నుంచి డిగ్రీ దాకా రాసే జవాబులకు మార్కులు వేసేవారు ఉంటారు గానీ చదివేవారు ఉండరు. మార్జిన్ గీసి, పాయింట్లుగా విడగొట్టి, సైడ్ హెడింగుల కింద స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టి రాసిన పేపరును దిద్దే మనిషి ఎవరో మనకు తెలియదు, ఆ మనిషికి మనం ఏం చెప్పదలచుకున్నామన్న ప్రశ్న కూడా పుట్టదు. అలా పన్నెండేళ్లు, పదహారేళ్లు రాసివచ్చిన విద్యార్థి పక్కన ఒక మనిషి కూర్చుని "ఈ మాట నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనడం పెద్ద మార్పు.

నల్లగొండ జిల్లా నుంచి సివిల్ ఇంజనీరింగ్ ఎం.ఎస్.కు వచ్చిన ఒక విద్యార్థి ఉదాహరణ అతని అనుమతితో చెబుతాను. టెక్నికల్ రైటింగ్ కోర్సు కోసం అతను భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సమస్యపై ఒక ప్రతిపాదన రాసుకొచ్చాడు. వ్యాసం నీరు ప్రాణాధారమని, అనాది నుంచి నాగరికతలు నదీతీరాల్లో వెలిశాయని మొదలై, తన నానమ్మ ఊరి బోరు నీళ్ల సంగతికి నాలుగో పేజీలో గానీ చేరలేదు. గొంతెత్తి చదువుతున్నప్పుడు అతనికే విసుగు పుట్టింది. ఈ సంగతి గురించి ఇంట్లో ఎవరితోనైనా ఎప్పుడైనా వాదించావా అని అడిగాను. ఫోన్ తీసి, తమ కుటుంబ వాట్సాప్ గ్రూపులో తాను ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసి పంపిన ఒక పొడవైన మెసేజ్ చూపించాడు. "మామయ్యా, నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని గాఢత పెరుగుతుంది" అని అది మొదలవుతోంది. ఆ వెంటనే కారణం, కాలేజీ ల్యాబ్‌లో తాను చేసిన పరీక్ష ఫలితం, ఇన్నేళ్లు తాగినా మాకేం కాలేదు కదా అని మామయ్య అనబోయే మాటకు ముందుగానే సమాధానం, చివర పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతి గురించి రెండు వాక్యాలు ఉన్నాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ఆ పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు.

అమెరికా అధ్యాపకులు ఒక ప్రతిపాదనలో ఏమేమి ఆశిస్తారో అవన్నీ ఆ మెసేజ్‌లో ఉన్నాయి: చెప్పదలచిన మాట ముందు, ఆధారం తరువాత, ఎదుటివారి అభ్యంతరానికి జవాబు, చేయవలసిన పని. అతనికి వాదించడం రాక కాదు, మామయ్యకు రాసేటప్పుడు ఉన్న చదువరి అధ్యాపకునికి రాసేటప్పుడు లేడు. మిగిలిన ముప్పై నిమిషాలు ఆ మెసేజ్‌ను వాక్యం వాక్యంగా ఇంగ్లిష్‌లోకి తెచ్చుకుని, మామయ్య స్థానంలో జిల్లా అధికారిని పెట్టి, ప్రతి మాటకూ ఆయన అడగగల ఆధారాన్ని పక్కన రాసుకున్నాం. నాలుగు పేజీల ఉపోద్ఘాతం పోయింది.

సోషల్ మీడియా వల్ల పిల్లలకు రాయడం రాకుండా పోతోందని తరచుగా వినబడే మాటను నేను ఒప్పుకోకపోవడానికి ఇలాంటి అనుభవాలు ఒక కారణమైతే, లెక్కలు మరో కారణం. స్టాన్‌ఫర్డ్‌లో ఆండ్రియా లన్స్‌ఫర్డ్ నేతృత్వంలో 2001 నుంచి అయిదేళ్లు సాగిన అధ్యయనం విద్యార్థుల నుంచి 14,672 రచనలు సేకరించింది. వారు రాసేదానిలో 38 శాతం తరగతి బయటిదేనని, ఎవరికి రాస్తున్నామో ఎరిగి దానికి తగ్గట్టు మాట మార్చుకునే నేర్పు వారికి ఉందని అది చూపింది. ఆమే మరొకరితో కలిసి 2008లో ప్రచురించిన వేరొక పరిశీలనలో, మొదటి సంవత్సరం విద్యార్థుల వ్యాసాలు 877 తీసుకుని తప్పులు లెక్కపెట్టారు. వంద పదాలకు 1917 నాటి పరిశీలనలో 2.11 తప్పులుంటే, ఫోన్లలో ఎస్సెమ్మెస్‌లు, ఇంటర్నెట్‌లో కబుర్లు పెరిగిన ఈ తరం వ్యాసాల్లో 2.45 ఉన్నాయి. మధ్యలో గడిచిన దాదాపు తొంభై ఏళ్లకు అది చాలా చిన్న తేడా. అంతకన్నా నన్ను ఆకట్టుకున్నది వ్యాసాల నిడివి: సగటున 162 పదాల నుంచి 1038 పదాలకు పెరిగింది. అప్పట్లో అనుభవాలు చెప్పే చిన్న వ్యాసాలు రాయించేవారు, ఇప్పుడు ఆధారాలతో వాదించే పొడవైన వ్యాసాలు రాయిస్తున్నారు. సంక్షిప్త ఎస్సెమ్మెస్ భాష ఆ వ్యాసాల్లో ఇంచుమించు కనబడలేదు. అన్నిటికంటే ఎక్కువగా దొరికిన తప్పు ఒక పదానికి బదులు మరొక పదం పడటం, దానికి స్పెల్ చెకర్లు కూడా ఒక కారణం.

అందువల్ల సెంటర్ ఈ రోజుల్లో చేయవలసిన పని విద్యార్థి ఫోన్‌లో రాసేదాన్ని తిట్టడం కాక, అక్కడ అతనికి ఉన్న నేర్పును కాగితం మీదికి తెప్పించడం. మా ట్యూటర్లలో అనుభవమున్నవారు దీన్ని చక్కగా చేస్తారు. వ్యాసం కదలని విద్యార్థికి ఫోన్ ఇచ్చి, ఈ విషయాన్ని నీ స్నేహితురాలికి వాయిస్ మెసేజ్‌గా చెప్పు అంటారు. రెండు నిమిషాలు మాట్లాడాక దాన్నే విని రాసుకొమ్మంటారు. కొత్తగా చేరినవారు మాత్రం సోషల్ మీడియా ప్రస్తావన రాగానే అది అనౌపచారికం, వ్యాసంలో పనికిరాదు అని ఒక్క మాటతో ముగిస్తారు, అక్కడితో విద్యార్థి నోరు మూతపడుతుంది. వాడుక భాష చదువుల్లోకి రాకూడదన్న వాదనను గిడుగు రామమూర్తి గారు ఎంత ఓపికగా ఎదుర్కొన్నారో తెలిసిన మనకు ఈ పొరపాటు కొత్తది కాదు. అమెరికాలో కూడా కళాశాల రచనా బోధకుల సదస్సు 1974లోనే, విద్యార్థులకు తమ సొంత భాషపై, యాసపై హక్కు ఉందని తీర్మానం చేసింది. ఆ స్ఫూర్తి మా సెంటర్ గోడ మీద పోస్టరుగా ఉంది, ప్రతి బల్ల దగ్గరా ఇంకా లేదు.

ఇక నా ప్రధాన అభ్యంతరం వ్యాకరణం విషయంలో సెంటర్ పాటించే నియమం. ట్యూటర్ తప్పులు దిద్దిపెట్టరు, ప్రశ్నలు మాత్రమే అడుగుతారు. ఉద్దేశం మంచిదే, ఎందుకంటే దిద్దిన పేపరు బాగుపడుతుంది గానీ రాసే మనిషి అక్కడే ఉంటాడు. ఇంగ్లిష్ ఇంటి భాషగా పెరిగిన విద్యార్థిని "ఈ వాక్యం నీ చెవికి ఎలా వినిపిస్తోంది?" అని అడిగితే అతను వెంటనే తప్పు పట్టుకుంటాడు. అదే ప్రశ్న తెలుగు విద్యార్థిని 'ఏ', 'ది' అనే ఆర్టికల్స్ విషయంలో అడిగితే ఏ ప్రయోజనమూ ఉండదు. మన భాషలో 'ది'కి సమానమైన మాటే లేదు. 'ఒక' అన్నది అవసరమైతేనే వాడతాం. లేనిదాన్ని చెవి ఎలా పట్టుకుంటుంది? నేను విద్యార్థినిగా వెళ్లిన మూడో సెషన్‌లో ఒక ట్యూటర్ ఇరవై నిమిషాలు ఇలాంటి ప్రశ్నలే అడుగుతూ పోయారు, నేను ఊహించి ఊహించి చెప్పిన జవాబుల్లో సగం తప్పయ్యాయి, చివరికి నాకు చెవి లేదేమో అన్న దిగులుతో బయటికి వచ్చాను. మరుసటి వారం మరొక ట్యూటర్ పది నిమిషాల్లో, నామవాచకం మొదటిసారి వచ్చినప్పుడు ఏది, రెండోసారి వచ్చినప్పుడు ఏది, లెక్కపెట్టలేని వస్తువుల ముందు ఏది అని నియమాన్ని సూటిగా చెప్పి, నా వ్యాసంలోని ఒక పేరాలో నాచేతనే దిద్దించారు. ఇది దిద్దిపెట్టడం కాదు, నేర్పడం. రెండో భాషగా ఇంగ్లిష్ రాసేవారికి నియమాన్ని నేరుగా చెప్పవచ్చునని సెంటర్ తన శిక్షణలో స్పష్టంగా చేర్చాలని నేను ట్యూటర్‌గా ఉన్నప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను.

ఆన్‌లైన్ సేవలు రెండు రకాలు. వీడియోలో జరిగే సెషన్ బల్ల దగ్గరిదానికి దాదాపు సమానమే, పేపరు ఇద్దరి తెరల మీదా తెరిచి ఉంటుంది. రెండో రకంలో విద్యార్థి వ్యాసాన్ని అప్‌లోడ్ చేస్తే ట్యూటర్ పక్కన వ్యాఖ్యలు రాసి పంపుతారు. ఇది మూడు రోజులు పడుతుందన్నారు, సెమిస్టర్ మధ్యలో అయిదు రోజులు కూడా పట్టింది. ఆలస్యం కంటే పెద్ద లోపం మరొకటి ఉంది. వ్యాఖ్యలు అందుకున్న విద్యార్థి వాటిని మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్కటే అమలు చేసి, తానెందుకు మారుస్తున్నాడో ఆలోచించకుండానే తిరిగి ఇస్తాడు. నా తరగతిలో అలా వచ్చిన వ్యాసాలు నాకు వెంటనే తెలిసిపోతాయి, వాటిలో వాక్యాలు నునుపుగా ఉంటాయి, వాదన మాత్రం మొదటి చిత్తుప్రతిలో ఉన్నచోటే ఉంటుంది. 2022 నవంబరు చివరన చాట్‌జీపీటీ వచ్చాక వాక్యాల నునుపు ఎవరికైనా క్షణాల్లో దొరుకుతోంది. అటువంటప్పుడు మనిషి చేత వ్యాఖ్యలు రాయించి పంపే ఈ సేవకు సెంటర్ తన ట్యూటర్ల సమయాన్ని ఇంత కేటాయించడం సరికాదని నా అభిప్రాయం; ఆ గంటలను బల్లల దగ్గరికి తేవాలి.

సెంటర్ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు విద్యార్థులు సెంటర్‌ను మొదట చూసేది అక్కడే. ఒక సెమిస్టర్‌లో వరుసగా చిన్న వీడియోలు పెట్టారు, వాటిలో ఎక్కువమంది చూసింది వ్యాసాన్ని మెరుగుపరిచే అయిదు అనుసంధాన పదాల గురించి. ఆ రెండు వారాల్లో నా రెండు తరగతుల వ్యాసాల్లో పేరా పేరాకూ 'ఫర్దర్‌మోర్' (అంతేకాక) మొదలైంది, రెండు పేరాల మధ్య నిజంగా సంబంధం ఉందా అన్న ప్రశ్న లేకుండానే. ఆ పదం సంబంధాన్ని చూపిస్తుందే గానీ సృష్టించదని తరగతిలో ఒక గంట ఖర్చు పెట్టి చెప్పాల్సి వచ్చింది. అదే ఖాతాలో ఒక ట్యూటర్ తన సొంత వ్యాసం మొదటి పేజీని, కొట్టివేతలతో, బాణం గుర్తులతో, సగం పేరా మీద పెద్ద అడ్డగీతతో ఫోటో తీసి పెట్టారు. దాన్ని చూసి, రాయడం వచ్చినవాళ్లు కూడా ఇంత కొట్టేస్తారా అని నా విద్యార్థిని ఒకరు ఆశ్చర్యపోయి, మరుసటి రోజే అపాయింట్‌మెంట్ తీసుకుంది.

ఇదే సోషల్ మీడియాలో ఒక తప్పు కూడా జరిగింది, దాన్ని సెంటర్ సరిదిద్దుకున్న తీరు మెచ్చుకోదగినది. నేను పనిచేస్తున్న కాలంలో ఒక ట్యూటర్, విద్యార్థి వ్యాసంలోని ఒక వాక్యం తమాషాగా ఉందని పేరు లేకుండా తన స్టోరీలో పెట్టారు. ఆ విద్యార్థి దాన్ని చూశాడు. తన వాక్యాన్ని తాను గుర్తుపట్టకుండా ఎవరుంటారు? అతను తిరిగి సెంటర్‌కు రాలేదు. అమెరికాలో విద్యార్థుల రికార్డుల గోప్యతకు 1974 నుంచే ఫెర్పా అనే చట్టం ఉంది. సెంటర్ డైరెక్టర్ ఆ ట్యూటర్‌తో మాట్లాడి, విద్యార్థికి స్వయంగా ఉత్తరం రాసి, సెషన్‌లో విన్నదీ చూసిందీ ఏ రూపంలోనూ బయట పెట్టకూడదన్న నియమాన్ని శిక్షణలో మొదటి రోజుకు మార్చారు. విద్యార్థి ఒప్పుకుంటే తప్ప అతను వచ్చినట్టు అధ్యాపకులకు కూడా తెలియజేయరు. అధ్యాపకురాలిగా నాకు ఒక్కోసారి ఇబ్బందే అయినా, ఇది సరైన నియమం.

సెంటర్ చేయవలసి ఉండి చేయని పని ఒకటుంది. వ్యాసం ఇవ్వాల్సిన రోజు దగ్గర పడిందని ఒక విద్యార్థి ఎక్స్‌లో (పూర్వపు ట్విటర్‌లో) దిగులుగా ఒక ముక్క రాస్తే, నిమిషాల్లో అపరిచిత ఖాతాల నుంచి డబ్బిస్తే రాసిపెడతామని జవాబులు వచ్చి పడతాయి. నా విద్యార్థిని ఒకరికి అలా ఆరు జవాబులు వచ్చాయి. మన విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లోనూ అలాంటి ప్రకటనలు తిరుగుతుంటాయి. ఆస్ట్రేలియా 2020లో, ఇంగ్లండ్ 2022లో ఈ వ్యాపారాన్ని చట్టవిరుద్ధం చేశాయి. కొనుక్కున్నవారిని తరువాత బయటపెడతామని బెదిరించి డబ్బు గుంజే ప్రమాదం గురించి ఆస్ట్రేలియా ఉన్నత విద్యా నియంత్రణ సంస్థ హెచ్చరించింది కూడా. మన పిల్లల్లో కొందరికి ప్రవేశ దరఖాస్తుతో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ సైతం కన్సల్టెన్సీలే రాసి ఇస్తాయి కనుక, డబ్బిచ్చి రాయించుకోవడం విశ్వవిద్యాలయ నియమాల ప్రకారం తప్పన్న ఎరుక లేకుండానే ఇక్కడికి వస్తారు. గైడులోని జవాబు పొల్లుపోకుండా రాస్తే మెచ్చుకున్న చదువు, ఇక్కడ అదే పని చేస్తే విచారణకు పిలుస్తుంది. సైటేషన్, అంటే ఏ మాటను ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పే ప్రస్తావన, ఎలా ఇవ్వాలో మా సెంటర్ చాలా బాగా నేర్పుతుంది గానీ, ఈ అమ్మకందారుల గురించి దాని పేజీలో ఒక్క వాక్యం లేదు. కొత్త విద్యార్థుల ఓరియంటేషన్‌లోనే ఈ మాట చెప్పాలి.

సైటేషన్ల కోసం సెంటర్ తెరిచేదాకా ఆగవలసిన పని లేదు. ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం నడిపే ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్ ఎవరికైనా ఉచితం. 1976లో మ్యూరియల్ హారిస్ మొదలుపెట్టిన రైటింగ్ ల్యాబ్ నుంచి పుట్టిన ఈ వెబ్‌సైట్ 1994 నుంచి ఉంది. ఎమ్ఎల్ఎ, ఏపీఏ అనే సైటేషన్ పద్ధతులకు నేను నా విద్యార్థులను మొదట పంపేది అక్కడికే. హైదరాబాదులోనో విశాఖలోనో కూర్చుని పరిశోధన వ్యాసం రాసేవారికి కూడా అంతే పనికొస్తుంది. దాన్ని చదువుకుని వెళ్తే, సెంటర్‌లోని నలభై ఐదు నిమిషాలు కామాల మీద కాక మీ వాదన మీద ఖర్చవుతాయి.

వెళ్లదలచినవారికి కొన్ని వివరాలు. నవంబరులోనూ ఏప్రిల్‌లోనూ ఖాళీలు దొరకవు, కాబట్టి సెమిస్టర్ మూడో వారంలోనే మొదటిసారి వెళ్లండి, వ్యాసం పూర్తి కాకపోయినా, అసలు మొదలుపెట్టకపోయినా ఫరవాలేదు. అసైన్‌మెంట్ కాగితం తప్పక తీసుకెళ్లండి, వ్యాసాన్ని ప్రింటు తీసుకోండి. గ్రామర్ చూడండి అని కాక, ఏ పేరా దగ్గర మీకు సందేహంగా ఉందో చెప్పండి. ఆర్టికల్స్ విషయంలో నియమం నేరుగా చెప్పమని అడగండి, అడిగితే చెప్పేవారే ఎక్కువ. మాట కలిసిన ట్యూటర్ పేరు గుర్తుపెట్టుకుని మళ్లీ వారినే ఎంచుకోండి. మా సెంటర్‌లో తరువాతి వారం పట్టిక ప్రతి శుక్రవారం మధ్యాహ్నం తెరుచుకుంటుంది, సాయంత్రం వేళలు మొదట నిండిపోతాయి, ఉదయం తొమ్మిదింటి వేళలు మాత్రం తరచుగా ఖాళీగానే ఉంటాయి.